బ్యాటరీ మీద నడిచిన బస్సు

ఇంటి నుంచి
సోమవారం

తమ్ముడికి పెద్దక్క ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. మీ సర్వే గుడారాల దగ్గర ఫోను అందదని, వారానికోసారి కొండెక్కే సామాను బండిలోనే ఉత్తరాలు వస్తాయని చెప్పావు కాబట్టి కాగితం తీశాను. రాసి చాలా ఏళ్ళయింది. అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకో.

మీ చిన్నక్క చీలమండ కట్టు విప్పారు. డాక్టరు నడవమన్నాడు. డిపో వాళ్ళు మాత్రం బస్సు అప్పుడే ఇవ్వరట. ఇరవై రెండేళ్ళు నడిపిన డ్రైవరైనా సరే, ఆరు వారాల తర్వాత ఒక పరీక్ష పెడతామన్నారు. డిపో ఆవరణలో తెల్ల గీత గీస్తారు. బస్సు జోరుగా వచ్చి ఆ గీతకు ఇవతల ఆగాలి. కాస్త ముందుగా ఆగినా తప్పు లేదు. చక్రం గీత దాటితే పోయినట్టే. ఒక్కసారే అవకాశం. పోతే రిటైరయ్యేదాకా పార్సిలు గదిలో ముద్రలు కొడుతూ కూర్చోవాలి. దెబ్బ తగిలిందేమో బ్రేకు తొక్కే కాలికి. సెలవులో ఉంది కాబట్టి ఇంట్లో వంట తనే చేస్తోంది. డ్యూటీ బూట్లు మాత్రం రోజూ తుడుస్తోంది.

సాధనకు బస్సు ఎవరిస్తారు. అందుకని నీ బీరువాలోంచి గేమింగ్ ల్యాప్‌టాప్, దాని స్టీరింగు, పెడల్స్ తీసి ఇచ్చాను. అడగకుండా తీసినందుకు ఏమనుకోకు. అందులో బస్సు నడిపే ఆట ఉంది. కానీ బ్రేకు తొక్కితే బస్సు కాసేపు ఆలోచించుకుని ఆగుతోంది. బొమ్మ కూడా ఆగి ఆగి కదులుతోంది. ఏం చెయ్యాలో రాయి.

ఇట్లు,
పెద్దక్క

తా.క. నిన్న మీ చిన్నక్క ఆటలో ఒక బట్టల కొట్లోకి బస్సు పోనిచ్చింది. లోపలున్నది బొమ్మ మనుషులేనని చెప్పాను. అయినా వాళ్ళ కోసం ఒకసారి దండం పెట్టమంది. పెట్టాను.


కొండ మీద నుంచి
శనివారం

పెద్దక్కకు తమ్ముడి నమస్కారాలు.

నీ ఉత్తరం చదివాక అన్నం సయించలేదు. చిన్నక్క గురించి కాదు, తను నెగ్గుతుంది. నా బెంగంతా ల్యాప్‌టాప్ గురించి. అది ఆలోచించుకుని ఆగడమేమిటి అక్కా? దాన్ని పసిపిల్లలా చూసుకున్నాను. దాని పక్కన మిగతావన్నీ ఎడ్లబండ్లు.

ముందు వెనకవైపు గాలి రంధ్రాలు చూడు, దుమ్ము పట్టి ఉంటుంది. దాన్ని దిండు మీద పెట్టకండి, వేడెక్కుతుంది. ఆట తప్ప మిగతావన్నీ మూసెయ్యండి. ఆట సెట్టింగుల్లో గ్రాఫిక్స్ తగ్గించి చూడండి.

ఇక అసలు ప్రశ్న. నువ్వు దానిమీద గుడ్డ కప్పావా? టీవీకి, మిక్సీకి, చివరికి గ్యాస్ సిలిండరుకి కూడా గౌను కుట్టినదానివి. నా ల్యాప్‌టాప్‌కి కుట్టలేదని ఒక్క మాట రాసి పంపు.

నీ తమ్ముడు

తా.క. కుట్టేసి ఉంటే అది ఏ రంగో మాత్రం చెప్పకు. తట్టుకోలేను.


ఇంటి నుంచి
సోమవారం

తమ్ముడికి ఆశీస్సులు.

కుట్టాను. తీసేశాను.

గాలి రంధ్రాలు కుంచెతో దులిపాను. నీ చొక్కా గుండీ ఒకటి, సగం వేరుశనగ పప్పు వచ్చాయి. పసిపిల్లలాగే చూసుకున్నావు. దిండు తీసి చెక్క పలక పెట్టాను. గ్రాఫిక్స్ తగ్గించాం. ఆటలో చెట్లకు ఆకులు పోయాయి, బస్సు తీరు మారలేదు.

ఒక విషయం చెప్పాలి. పెడల్స్ వెనక్కి జారకుండా ఆనించడానికి దేవుడి గది గోడే బాగుందని అక్కడ బల్ల వేశాం. అక్కడ ల్యాప్‌టాప్ నెమ్మదిగా ఉంటోంది. మధ్యాహ్నం వంటింటి గట్టు మీద ఉన్నప్పుడు ఆట తెరిచి చూస్తే గుర్రంలా ఉరికింది. మళ్ళీ దేవుడి గదిలోకి తెస్తే మళ్ళీ శాంతించింది. మూడు రోజులు చూశాను, మూడు రోజులూ ఇంతే. నేనేమీ అనడం లేదు. చూసింది రాశాను.

ఇట్లు,
పెద్దక్క

తా.క. మీ చిన్నక్క ఇలా రాయమంది: "ఆ గదిలో ఎవరైనా నెమ్మదిస్తారు. తమ్ముణ్ణి కూడా చిన్నప్పుడు రెండు రోజులు అక్కడ కూర్చోబెట్టవలసింది." ఇది దాని మాట. వద్దంటే వినలేదు.


కొండ మీద నుంచి
శనివారం

పెద్దక్కా, నమస్కారం.

నీ ఉత్తరం సామాను సంచిలో తెరుచుకుపోయి మా వంటాయన చేతిలో పడింది. ఆయన దాన్ని భోజనాల దగ్గర ఏడుగురికీ చదివి వినిపించాడు. ఇప్పుడు ఇక్కడ నన్ను అందరూ 'శాంతించిన తమ్ముడు' అంటున్నారు.

దేవుణ్ణి ఇందులోకి లాగకు అక్కా. ఒక్క మాటకు జవాబు చెప్పు. వంటింట్లో ఉన్నప్పుడు దానికి ఛార్జరు తగిలించి ఉందా? దేవుడి గదిలోకి తెచ్చేటప్పుడు పీకేస్తున్నారా? అయితే దానికి ఏ రోగమూ లేదు. గేమింగ్ ల్యాప్‌టాప్ పూర్తి జోరులో తాగే కరెంటు గోడ ప్లగ్గే ఇవ్వగలదు, బ్యాటరీ ఇవ్వలేదు. అంత కరెంటు ఒక్కసారిగా లాగితే బ్యాటరీ చెడుతుంది. అందుకని ఛార్జరు తియ్యగానే తన జోరు తనే సగానికి పైగా తగ్గించుకుంటుంది. సెట్టింగులు ఎంత మార్చినా తేడా కొంచెమే.

పరీక్షకు ఇంకా మూడు వారాలు కూడా లేవు. ఆలస్యంగా ఆగే బస్సుతో సాధన చేస్తే కాలికి తప్పుడు అలవాటు పడుతుంది. ఛార్జరు పెట్టి ఆడమను. ఈ రోజే.

నీ తమ్ముడు

తా.క. మా వంటాయన తన బావమరిదిని ఒక వారం మన దేవుడి గదిలో ఉంచడానికి వీలవుతుందా అని అడుగుతున్నాడు. నవ్వులాటకు కాదు, నిజంగానే అడుగుతున్నాడు.


ఇంటి నుంచి
సోమవారం

తమ్ముడికి ఆశీస్సులు.

నువ్వు చెప్పింది నిజమే. ఛార్జరు వంటింట్లోనే ఉంటోంది. దేవుడి గదిలో ఉన్నది ఒక్క ప్లగ్గు. అందులో అమ్మ పెట్టిన దీపం బల్బు ఉంది. అది తియ్యను, నీకు తెలుసు. వంటింట్లో బల్ల పట్టదు.

పక్కింటి టైలరమ్మను అడిగి ఎక్స్‌టెన్షన్ బోర్డు తెచ్చి, ఒక రోజు ఛార్జరు పెట్టి ఆడించాను. బొమ్మ అద్దంలా ఉంది. తొక్కీ తొక్కగానే బస్సు చెప్పిన మాట విన్నది. మర్నాటికి బోర్డు పనిచెయ్యలేదు. కాబట్టి మళ్ళీ బ్యాటరీ మీదే.

కంగారుపడకు. అంతా మంచే జరుగుతుంది.

ఇట్లు,
పెద్దక్క

తా.క. వంటాయన బావమరిది అలవాటు ఏమిటో కనుక్కో. తాగుడైతే పంపమను. అబద్ధాలాడటమైతే ఆగమను, ప్రస్తుతం ఆ గదిలో చోటు లేదు.


కొండ మీద నుంచి
శనివారం

పెద్దక్కా,

కంగారుపడకు అంటే ఎలా? పరీక్ష వచ్చే శుక్రవారం. కొత్తది కొనమంటే 'చూద్దాం' అంటావు, అందుకని మా గుడారంలో ఉన్న ఒకే ఒక్క పొడవాటి ఎక్స్‌టెన్షన్ బోర్డు విప్పి ఈ బండిలోనే పంపుతున్నాను. దానికి మిషను తగిలించే ఏడుగురం గడ్డాలు గీసుకునేవాళ్ళం. ఎవరూ కాదనలేదు. వంటాయనే స్వయంగా గుడ్డలో చుట్టి కుట్టాడు. బండివాడు బుధవారానికి ఇంటికి చేరుస్తానన్నాడు. చేరగానే పెట్టండి, కనీసం రెండు రోజులైనా దక్కుతాయి.

అక్కా, చిన్నక్క కొత్తగా ఉద్యోగంలో చేరిన సంవత్సరం నేను ఆరో తరగతి. మా బడి ముందు స్టాపు లేదు. అయినా నన్ను చూస్తే ఆపేది. బస్సులో జనం గొణిగితే, "మా తమ్ముడండీ, ఒక్క నిమిషం" అనేది. నేను సిగ్గుతో చచ్చిపోయేవాణ్ణి. ఆ మనిషి పార్సిలు గదిలో ముద్రలు కొట్టడం నేను ఊహించలేను. నా యంత్రం వల్ల అలా జరిగితే ఇక దాని మొహం చూడను.

నీ తమ్ముడు

తా.క. ఒక దండం పెట్టు. నేను అడిగానని ఎవరికీ చెప్పకు.


ఇంటి నుంచి
శనివారం

తమ్ముడికి ఆశీస్సులు.

మీ చిన్నక్క నెగ్గింది. సోమవారం నుంచి తన పాత ఏడో నంబరు బస్సే.

నీ పార్సిలు బుధవారమే అందింది. విప్పలేదు. ఎందుకో చెబుతాను.

టైలరమ్మ బోర్డుకు ఏమీ కాలేదు. దాన్ని బియ్యం డబ్బాలో దాచాను.

ఛార్జరు పెట్టి ఆడిన రోజున బస్సు చెప్పినమాట విన్నదని రాశాను. అది నిజమే. కానీ మీ చిన్నక్క ఆరుసార్లు తొక్కితే ఆరుసార్లూ ఆటలోని స్టాపు గీత దాటింది. అంతకుముందు వరకు ల్యాప్‌టాప్‌ను నోటికొచ్చినట్టు తిట్టిన మనిషి ఆ రోజు దేన్నీ తిట్టలేదు. వంగి చీలమండ పట్టుకుని కూర్చుంది. "ఆలస్యం దానిది కాదే అక్కా, నాది" అంది. మర్నాడు బూట్లు తుడవలేదు.

నేను ప్రార్థనలో కూర్చుని ఆలోచించాను. కాలు ఆలస్యమైతే ముందే తొక్కాలి. ముందే తొక్కడం నేర్పేది బ్యాటరీ మీద నడిచే నీ ల్యాప్‌టాప్ ఒక్కటే. గీతకు ముందు ఆగితే తప్పు లేదని డిపో వాళ్ళే చెప్పారు. పైగా తప్పు యంత్రానిదని అనుకున్నన్నాళ్ళు అది తన కాలిని నమ్ముతుంది. అందుకని ఆ బోర్డులో కరెంటు సరిగా రాలేదని, ఆ రోజు లెక్కలోకి రాదని దానికి చెప్పాను. బోర్డు పూర్తిగా పోయిందని నీకు రాశాను. అబద్ధం ఆడే ముందు దేవుడికి చెప్పుకున్నాను. నీకు ఇప్పుడు చెబుతున్నాను.

నిన్న డిపో గేటు బయట నిలబడి చూశాను. దానికన్నా ముందు ఒకాయన వెళ్ళి గీత దాటాడు. తర్వాత ఇది వచ్చింది. గీత ఇంకా బారెడు దూరం ఉండగానే బస్సు బుద్ధిగా ఆగింది. అధికారి గీతకు, చక్రానికి మధ్య టేపు పెట్టి కొలిచి, ఇంత ముందుగా ఎందుకు తొక్కారమ్మా అని అడిగాడట. "మా తమ్ముడి బస్సు మీద నేర్చుకున్నానండీ. దానికి ఏదైనా కాస్త ముందే చెప్పాలి" అందట.

నువ్వు అడిగిన దండం పెట్టాను. ఎవరికీ చెప్పలేదు. మీ బోర్డు కుట్టు విప్పకుండానే ఈ బండిలో తిరిగి పంపుతున్నాను. ఏడుగురూ గడ్డాలు గీసుకోండి.

ఇట్లు,
పెద్దక్క

తా.క. ఉత్తరం మడుస్తుంటే మీ చిన్నక్క లాక్కుని చదివింది. బోర్డు బియ్యం డబ్బాలో ఉన్న సంగతి దానికి మొదటి రోజే తెలుసట. వంట చేసేది అదే కదా, నాకు తట్టలేదు. మరి అప్పుడే ఎందుకు అడగలేదంటే, "అక్కా, పుట్టి బుద్ధెరిగాక నువ్వు మొదటిసారి నా కోసం అబద్ధం ఆడావు. అది వమ్ము కాకూడదని రోజుకు రెండు గంటలు ఎక్కువ తొక్కాను" అంది. బోర్డు మీద రోజూ బియ్యం కప్పింది కూడా అదేనట.