స్పానర్లకు వేసిన తాళం

మన మనవరాలి అమ్మమ్మకు,

ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనూ, ఉతికిన బట్టల మీదే పడుకునే నీ పిల్లీ. అక్కడ నువ్వూ, అమ్మాయీ, పసిదీ క్షేమమని తలుస్తాను.

నువ్వడిగినవాటికి జవాబులు. వంటింటి కుళాయి కారడం ఆగింది. పై వాటా ఆవిడ నీ కుక్కర్ తిరిగిచ్చింది, మూత ఇంకా ఇవ్వలేదు. పోయిన ఉత్తరంలో నా అక్షరాలు ఎందుకలా వంకర పోయాయని అడిగావు. కలం మంచిది కాదని రాద్దామనుకున్నాను. కలం మంచిదే. అది ఎడమ చేతి రాత. ఇదీ అంతే. రోజూ రాసుకునే లెక్కల్లో ఒకటేదో ఏడేదో నాకే తెలియడం లేదు.

మా ఫ్యాక్టరీలో అట్టపెట్టెల మిషన్ రోలర్ల మీద జిగురు గడ్డకడితే, మిషన్ ఆపి గోకాలి. గోకేవాడు స్విచ్‌కి తాళం వేసి, తాళంచెవి తన జేబులోనే ఉంచుకోవాలి. పోయిన నెల సూపర్‌వైజర్ వచ్చాడు.

"ఆ తాళం ఇటివ్వవయ్యా. బీరువాలో స్పానర్లు మాయమవుతున్నాయి."

"మరి స్విచ్‌కి?"

"నీ చేతులెవడు ఎత్తుకుపోతాడు?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వి, తాళం తీసి ఇచ్చాను.

తరువాతి వారం రోలర్ల మధ్య గోకుతుంటే, అవతలి వైపు డ్యూటీ ఎక్కిన ఆపరేటర్ నన్ను చూడక స్విచ్ వేశాడు. కుడి చేతికి బొటనవేలూ చిటికెనవేలూ మిగిలాయి. అప్పటికి అమ్మాయికి నెలలు నిండాయి కదా, అందుకే ఈ సంగతి నీకు చెప్పలేదు.

ఆసుపత్రికి సూపర్‌వైజర్ కాగితం తెచ్చాడు. నడుస్తున్న మిషన్‌లో నా అంతట నేనే చెయ్యి పెట్టానట. "ఒప్పుకుంటే వాచ్‌మన్ పని ఇప్పిస్తా. సంతకం కష్టమైతే వేలిముద్ర చాల్లే, బొటనవేలు ఉందిగా," అన్నాడు.

వేలిముద్ర వేసే బతుకు వద్దనే కదా, మీసాలొచ్చాక గోడల మీది ప్రకటనలు చూసి అక్షరాలు దిద్దుకున్నాను.

కాగితం ఇంటికి తెచ్చి, వెనక వైపు జరిగింది జరిగినట్టు రాశాను. తాళం నా చేత్తోనే ఇచ్చానని కూడా. కింద ఎడమ చేత్తో సంతకం చేశాను. రేపు ఇచ్చేస్తాను. ఇక వాచ్‌మన్ పని రాదు. కోప్పడాలనుంటే కోప్పడు.

పసిదాన్ని ఒంటిచేత్తో ఎత్తుకోవడం పిల్లితో నేర్చుకుంటున్నాను. అది ఒప్పుకోవడం లేదు.

నిన్న కట్టుతోనే ఫ్యాక్టరీ లోపలికి వెళ్లి చూసొచ్చాను. తాళం ఇంకా బీరువాకే ఉంది. స్పానర్లు ఒక్కటీ పోలేదు.

ఇట్లు,
నీ మనవరాలి తాత