గంప ఎత్తాల్సిన మేనమామ

కుప్పం, ఆదివారం

ప్రియమైన గోవిందన్నకు,

నా బిడ్డ సుష్మ పెండ్లి పుంగనూరులో, ఇంకా రెండు నెలలుండాది. పెండ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మంటపానికి తెచ్చేది మేనమామవైన నువ్వే. ఫోన్లో "నేను రాలేను" అని పెట్టేస్తే ఎట్లన్నా? నా పెండ్లిలో నాయన కూడా ఇట్లే అలిగి, బయట గోనెపట్టా మీద కూర్చుండిపోయినాడు. ఇరవై ఏడేండ్లయినా నాకా మంట ఆరలేదు. నేనేం తప్పు చేసినానో రాయి.

నీ చెల్లెలు, రేవతి

మదనపల్లె, శుక్రవారం

చెల్లెలు రేవతికి ఆశీస్సులు.

అలక కాదమ్మా. టమాటా మండీలో నా చుట్టూ చెవులే, అందుకే ఫోన్లో చెప్పలేదు. ఒంటేలు నిలవడం లేదు. చుక్కచుక్కగా కారతానే ఉండాది. వేలం పాడేటప్పుడు గొంతు పెంచితే పంచె తడుస్తాది. నీళ్ళు తాగేది మానేసినా ఆగలేదు. నలుగురిలో గంప ఎత్తి, బిడ్డ పట్టుచీర పాడుచేస్తే తల యాడ పెట్టుకునేది? నేను లేకుండానే కానీండి.

మీ అన్న, గోవిందస్వామి

కుప్పం, బుధవారం

అన్నా,

నీళ్ళు మానమని ఎవరు చెప్పినారు నీకు? నీ పేరెత్తకుండా మా వీధి నర్సు బయ్యమ్మను అడిగినా. "కొందరికి లోపల ఖాళీ కాదు రేవతీ. నిండిన తొట్టి పొర్లినట్లు పొర్లుతాది. అట్లే వదిలేస్తే కిడ్నీలు పోతాయి" అనింది. శనివారం నా కొడుకు గిరిబాబు వస్తాడు, వానితో ఆస్పత్రికి పో. సిగ్గయినా సరే, నా మీద ఒట్టు, పో. నువ్వు లేకుండా గంప లేవదు.

రేవతి

మదనపల్లె, నెలన్నర తర్వాత

ప్రియమైన రేవతికి,

నువ్వే గెలిచినావు. ఆ రోజు ఒంటికి పోయి వచ్చినాక స్కాన్ తీస్తే, లోపల ఇంకా లీటరు ఉండాదన్నారు. ప్రోస్టేటు పెరిగి దారి మూసిందంట. ట్యూబు వేసి, మాత్రలిచ్చి, రెండు వారాలకు తీసేసినారు. ఇప్పుడు గడియారం చూసి పోతాండాను. పోయినాక కాసేపు ఆగి మళ్ళీ ప్రయత్నిస్తాను. నీళ్ళు బాగా తాగుతాండాను. మళ్ళీ నిలిచిపోతే ఆపరేషనే. దానికీ సిద్ధంగా ఉండాను. బరువెత్తే పని లేదు, గంపకు ఒకపక్క చెయ్యి వేస్తాను, మిగతాది గిరిబాబు చూసుకుంటాడు.

"మీ నాయనకు ఉండిందా?" అని డాక్టరు అడిగితే లేదని చెప్పేసినా. తిరిగి వస్తాంటే బస్సులో గుర్తొచ్చింది. నాయన తన పంచెలు మనల్నెవర్నీ ఉతకనిచ్చేవాడు కాదు. నీ పెండ్లి రోజు పొద్దున్నుంచి గుక్కెడు నీళ్ళు తాగలేదు. లేచి పోయేటప్పుడు ఆ గోనెపట్టాను మడిచి చంకలో పెట్టుకొని పోయినాడు. ఆయన అలగలేదమ్మా.

నేను మంటపం మీదికే వస్తాండాను.

మీ అన్న, గోవిందస్వామి