చార్లీ చెయ్యెత్తిండు

మస్కట్,
ఆగస్టు, 2011

బాపమ్మకు నీ మనుమరాలు సుజాత దండాలు.

ఫోన్ల నీకు వినబడదు గనుక ఉత్తరం రాస్తున్న. కంపెనీల లెక్కల పని మానేసిన. ఇప్పుడు ఇక్కడి ఇంగ్లీషోళ్ల ఇండ్లకు పోయి ట్రైనింగ్ ఇస్తున్న. చార్లీ, బెల్లా, బ్రూనో అని ముగ్గురున్నరు. కొట్టుడు లేదు, తిట్టుడు లేదు. తప్పు చేస్తే చూడనట్టుండాలె. ఒప్పు చేసిన క్షణంలనే మెచ్చుకొని ఒక తునక పెట్టాలె. గదే మా పద్ధతి. జనవరిల పరీక్ష పాసైతే సర్టిఫికెట్ వస్తది.

బాపు మాత్రం "ఉద్యోగం లేనిదానివి పరాయి దేశంల ఎందుకు, దీపావళికి వచ్చెయ్" అంటున్నడు. పోతే ఈ పని పోయినట్టే. నీ మాట వింటడు, జర చెప్పు.

నీ సుజాత

తా.క.: బ్రూనో నిన్న దొరసాని చెప్పు కొరికిండు. నేను చూడనట్టున్న.

జనగామ,
సెప్టెంబర్ మొదటి వారం

చిరంజీవి సుజాతకు బాపమ్మ ఆశీస్సులు.

నా మోకాళ్ల క్షేమం నువ్వు అడగలే, అవి గూడ చెప్పుకునేటట్టు లేవు. నువ్వు పంతులమ్మవైనవని చదివి కడుపు నిండింది. మానుకోటల, భూపాలపల్లిల నా కింద చదివిన పిల్లలు ఇయ్యాల తాసిల్దార్లయిన్రు. ఒక్కరికి గూడ తునక పెట్టలే, బెత్తం పెట్టిన. అయినా చెప్పు కొరికేదాంక పెంచిన ఆ తల్లిని ముందు బెంచీ ఎక్కియ్యి. పిల్లగాండ్లకు ఎన్నేండ్లు?

మీ బాపుతోని అన్న: "మనల్ని ఏలిపోయినోళ్ల పిల్లలకు నీ బిడ్డ బుద్ధి చెప్తున్నదిరా!" మీసం దువ్వుకొని "చూద్దాం" అన్నడు. బస్సు డ్రైవరు "చూద్దాం" అన్నడంటే బండి సగం తిరిగినట్టే.

మీ బాపమ్మ

తా.క.: తునకంటే బిస్కెటా, మాంసమా? మాంసమైతే వాళ్లు వచ్చేది చదువుకు గాదు, దావతుకు.

మస్కట్,
సెప్టెంబర్ నడుమ

బాపమ్మకు వెయ్యి దండాలు.

మాంసమే. కానీ పాఠం గూడ వస్తున్నది. చార్లీకి మూడేండ్లు, మిగిలినోళ్లకు రెండు. కూసోమంటే కూసుంటున్నరు, ఆగుమంటే ఆగుతున్నరు. మాటలైతే రాలే.

బెల్లా సంగతి చెప్పాలె. పాత మాస్టరు మెడల గొలుసేసి గుంజెటోడట. మనిషిని చూస్తే మంచం కిందికి దూరేది. మొన్న తనంతట తానే వచ్చి నా ఒళ్లె తల పెట్టింది. దొరసాని ఏడ్చింది, నేను గూడ.

నీ సుజాత

తా.క.: బ్రూనో ఇంకా తివాచీ తడుపుతున్నడు.

జనగామ,
సెప్టెంబర్ ఆఖరు

చిరంజీవి సుజాతకు దీక్షా శిబిరం నుంచి బాపమ్మ దీవెన.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్నది. బస్సులు డిపోల, డ్రైవర్లు టెంటుల. రోడ్డు మీదనే వంటావార్పు. మీ బాపు బస్సు నడిపినట్టే గంటె తిప్పుతున్నడు, పక్కోళ్లు తప్పుకోవాలె.

నీ ఉత్తరం అందరికి చదివి వినిపించిన. గొలుసు మాట కాడ టెంటంత గరమైంది. బెత్తం పట్టినదాన్ని నేను గూడ పండ్లు కొరికిన. పసిదాని మెడల గొలుసా! పోలీసులకు చెప్పిన్రా లేదా? మీ బాపు తోటి డ్రైవరు సదానందం అన్నడు గద, "అవ్వా, ఆ మాస్టరును ఒక్కపూట మా డిపోకు తోలున్రి."

మీ బాపు ఇప్పుడు ఎదురొచ్చినోళ్లకల్లా "మా బిడ్డ ఇంగ్లీషోళ్ల పిల్లలకు టీచరు" అని చెప్తున్నడు. దీపావళి మాట ఎత్తుతలేడు. నువ్వొక పని చెయ్యి. నీ శిష్యులకు "జై తెలంగాణ" నేర్పి ఫోటో పంపు. పేపరు విలేకరి ఎదురుచూస్తున్నడు.

మీ బాపమ్మ

తా.క.: రెండేండ్లోడు తివాచీ తడిపితే తప్పు గాదు. మూడేండ్లకు గూడ మాటలు రాకుంటే తప్పు. వస కొమ్ము అరగదీసి నాలికకు రాయి.

మస్కట్,
అక్టోబర్ మొదటి వారం

బాపమ్మా, నీ కాళ్లు మొక్కుత.

వస కొమ్ముతోని అయ్యే పని గాదు. వాళ్లు కుక్కలు. ముగ్గురూ.

పిల్లలని నేను రాయలే, నువ్వనుకున్నవు, నేను దిద్దలే. "కుక్కలు కాసెటందుకా నిన్ను చదివిచ్చింది" అని బాపు అంటడని భయపడ్డ. కానీ బాపమ్మా, ఇన్నేండ్లు లెక్కలు రాసిన, ఏ లెక్కా నన్ను చూసి తోక ఊపలే. భయపడ్డ జీవి మళ్ల మనిషిని నమ్ముడు నా చేతుల మీద అయితున్నది. ఈ పని నాకు గర్వం.

ఒక్కదానివే చదువుకో. టెంటుల చదవకు. బాపుకు అసలే చెప్పకు. ఫోటో పెట్టిన. "జై తెలంగాణ" అంటే చార్లీ చెయ్యెత్తుతడు.

నీ సుజాత

తా.క.: చార్లీ ఇప్పుడు ఇంకే మాటకూ చెయ్యెత్తుతలేడు. అందుకని దొరసాని గూడ పొద్దున లేస్తే "జై తెలంగాణ" అంటున్నది.

జనగామ,
అక్టోబర్ నడుమ

చిరంజీవి సుజాతకు ఒంటికన్ను బాపమ్మ ఆశీస్సులు.

కంటి పొర తీసి కట్టు కట్టిన్రు. రెండో కన్ను ముందు నుంచే దండుగ. కనుక నీ ఉత్తరం మీ బాపు చదివిండు. టెంటుల. గట్టిగ. ఈ ఉత్తరం గూడ నేను చెప్తుంటె ఆయననే రాస్తున్నడు.

"వాళ్లు కుక్కలు" కాడ గొంతు ఆగింది. (ఆగలే, దగ్గొచ్చింది. – బాపు) రాసెటోడు రాయాలె, నడుమ మాట్లాడొద్దు. "బాపుకు అసలే చెప్పకు" అన్నది గూడ అట్లనే దగ్గుకుంట చదివిండు.

కండక్టరు ఐలయ్య ఇకిలించిండు: "రాజేందరన్నా, బిడ్డ కుక్కలకు పంతులమ్మనా?"

మీ బాపు లేచి ఆ ఫోటో వాని ముక్కు కాడ పెట్టిండు. "ఢిల్లీల మనుషులకు ఎన్నేండ్ల సంది చెప్తున్నం, ఒక్కడన్న చెయ్యెత్తిండా? నా బిడ్డ వారంల ఎత్తిపిచ్చింది. కట్టె పట్టకుండ!"

చప్పట్లు, ఈలలు. (పై మాట మాత్రం నేను అన్నదే. – బాపు) ఫోటో ఇప్పుడు టెంటు గుంజకున్నది. విలేకరి దాన్ని రెండుసార్లు కెమెరాల తీసుకున్నడు.

కుక్కల పంతులమ్మవైతే ఏంది? నీ శిష్యులు నా తాసిల్దార్ల కంటె నయం. వాళ్లు చెయ్యి చాపుతరు, నీవాళ్లు ఎత్తుతరు.

మీ బాపమ్మ

తా.క.: ఇది బాపమ్మ చెప్తలేదు, నేనే రాస్తున్న. దీపావళికి రావద్దు, పరీక్ష రాయి. నీ ఉత్తరమంత నాకు నచ్చింది, "బాపుకు చెప్పకు" అన్న ఒక్క మాట తప్ప. వచ్చే ఉత్తరం నా పేరు మీద రాయి బిడ్డా. చిరునామా అదే.