వందల స్థానంలో పొరపాటు

పరిశీలన సమయ కేటాయింపు అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: అంతరిక్ష టెలిస్కోపు సమయం కోరుతూ వచ్చిన 118వ నంబరు దరఖాస్తును నేను తప్పుగా తోసిపుచ్చినందున, దానిని తిరిగి తెరిపించి, వేరొకరిచేత చదివించి, ఆ సమయమున నన్ను చదివే గది దరిదాపులకు రానివ్వకుండుటకు మనవి.

పై విషయమై విన్నవించుకొనునది ఏమనగా, నేను పద్దెనిమిదేళ్లుగా సూర్యుణ్ణి చూసే టెలిస్కోపు విభాగంలో పనిచేయుచున్నాను. సూర్యుడి మీది మచ్చలు లెక్కపెట్టడం నా ఉద్యోగం. నక్షత్రాలను, గెలాక్సీలను చూసే పెద్ద టెలిస్కోపు ఎవరికి ఎన్ని గంటలు ఇవ్వాలో తేల్చే సంఘంలో ఈ ఏడు నన్ను తమరే వేసితిరి. సభ్యులెవరో దరఖాస్తుదారులకు, దరఖాస్తుదారులెవరో సభ్యులకు తెలియరాదను నిబంధన కింద సంతకం కూడా చేసితిని. చాలా మంచి నిబంధన. అదే నా కొంప ముంచింది.

1. సదరు దరఖాస్తు సారాంశం. ఒక పెద్ద నక్షత్రానికి చీకటిగా ఉండే జోడు ఒకటి ఉన్నది. అది ఇరవై ఏడేళ్లకొకసారి పెద్దదాని ముందుకు అడ్డం వస్తుంది. అలా వచ్చే మొదటి మూడు రోజులు టెలిస్కోపును అటు తిప్పితే ఆ జోడు దేనితో తయారైందో తేలుతుంది. కోరినది పదకొండు గంటలు మాత్రమే.

2. మా వృత్తిలో తేదీలను నెలలు, ఏళ్లు లేకుండా, ఎప్పుడో వేల ఏళ్ల కిందట మొదలైన ఒకే వరుసలో ఏడంకెల రోజుసంఖ్యగా రాస్తారని తమకు తెలిసినదే. దరఖాస్తులు చదివిన పూట నా వంతుకు యాభై మూడు వచ్చాయి. ఇది చివరిది. సంఖ్యలో వందల స్థానంలో ఉన్న రెండును మూడుగా చదివాను. దానితో నూరు రోజులు ముందుకు పోయాను. నూరు రోజులు ముందుకు పోతే సూర్యుడు సరిగ్గా ఆ నక్షత్రం పక్కకు వచ్చి కూర్చుంటాడు. సూర్యుడి వైపు తిప్పితే ఆ టెలిస్కోపు కన్ను పోతుంది, కనుక తిప్పరాదు. నేను వెంటనే ఈ వాక్యం రాశాను: "ఈ దరఖాస్తుదారునికి ఆ నెలలో సూర్యుడు ఎక్కడ ఉంటాడో చూసుకొను తీరిక కూడా లేనట్లున్నది." వాక్యం బాగా కుదిరిందని ఇంకోసారి చదువుకుని మురిసిపోయి, సున్నా వేశాను. సూర్యుడి సంగతి కదా అని మిగతా సభ్యులు నా మాటే ఖాయం చేశారు.

3. తొమ్మిది రోజుల కిందట భోజనాల దగ్గర నా భార్య ఒక కాగితం తీసి పైకి చదివింది. చదివింది నా వాక్యమే. నా భార్యది గెలాక్సీల విభాగం. నేను సంఘంలో ఉన్న సంగతి ఆమెకు తెలియదు.

"విన్నావా అమ్మా, సూర్యుడు ఎక్కడుంటాడో నాకు తెలీదంట!"

"ఎవడే వాడు?" అన్నారు మా అత్తగారు.

"పేరుండదు. దాక్కుని రాస్తారు."

"వాడి నోట్లో మన్నుపడ! రాసిన చెయ్యి పడిపోను!" అని, ఆవిడ నావైపు తిరిగి, "ఏం నాయనా, తినవేం? నీకు తెలిసినవాడేమో కాస్త కనుక్కో. దొరికితే కడిగిపారేస్తాను" అన్నారు.

అప్పటికి నా కుడిచెయ్యి కంచంలో ఉంది. తీసి బల్ల కింద పెట్టుకున్నాను.

4. సొంత భార్య దరఖాస్తు గుర్తుపట్టలేవా అని తమరు అడగవచ్చు. న్యాయమే. సూర్యుడు గొప్పా, నక్షత్రాలు గొప్పా అని పెళ్లయిన కొత్తలో వాదించుకుని రెండు కంచాలు పగలగొట్టుకున్నాక, ఇంట్లో ఆఫీసు మాట ఎత్తరాదని ఒప్పందం చేసుకున్నాం. ఆమె గెలాక్సీలు తప్ప మరేమీ చూడటం లేదనుకున్నాను.

ఇది కూడా పూర్తి నిజం కాదు. ఆమె దగ్గర ఒక నోటుబుక్కు ఉంది. పోయినసారి ఆ జోడు అడ్డం వచ్చినప్పుడు ఆమెకు ఇరవై రెండేళ్లు, చదువుకుంటోంది. నేల మీది టెలిస్కోపుతో చూద్దామని అరవై రోజులు కాచుకుంది. పేజీకొక తేదీ, తేదీ కింద ఒకటే మాట: మబ్బు. ఒక పేజీలో "మబ్బు, వాన కూడా" అని ఉంది. ఆ పుస్తకం నాకు చూపించింది. నేను పకపకా నవ్వాను. ఏ నక్షత్రం కోసమని అడగలేదు. అడిగి ఉంటే దరఖాస్తు మొదటి పేరాలోనే గుర్తుపట్టి, నిబంధన ప్రకారం తప్పుకొని ఉండేవాణ్ణి. ఇరవై మూడేళ్లు కాపురం చేశానయ్యా, ఒక్క ప్రశ్న అడగలేదు. సిగ్గుగా ఉంది.

5. ఆమెకు ఇప్పుడు నలభై తొమ్మిది. ఆ జోడు మళ్లీ వచ్చేసరికి డెబ్భై ఆరు.

6. తప్పు ఒప్పుకుంటే, పెళ్లాం చాటు మొగుడు అడ్డదారిన పని చేయించుకుంటున్నాడంటారు. ఆమెకు చెబితే తమ నిబంధన పోతుంది, చెప్పకపోతే ఆమె నక్షత్రం పోతుంది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ఈ తొమ్మిది రోజుల్లో మూడుసార్లు తమ ఆఫీసు మెట్ల దాకా వచ్చి తిరిగిపోయాను. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలియదు. మొన్న ఒకే మచ్చను మూడుసార్లు లెక్కపెట్టి పంపితే, మా గుమాస్తా "ఇవాళ సూర్యుడికి తట్టు పోసిందా సార్?" అన్నాడు.

7. నిన్న ఆమె ఆ నోటుబుక్కును పాత కాగితాల కట్టలో పెట్టి తాడు బిగించింది.

"అదెందుకు పారేస్తున్నావ్?" అన్నాను.

"ఇంట్లో చోటు చాలట్లేదు" అంది.

అంతే. నాలుగు తిట్టినా బాగుండేది. ఆమె స్నానానికి వెళ్లగానే కట్ట విప్పి, పుస్తకం లాగి నా సంచిలో దాచాను. దానిని సాక్ష్యంగా ఈ అర్జీకి జతపరచుచున్నాను. చూసి జాగ్రత్తగా తిరిగి ఇప్పించవలెను.

కావున మనవి. ఆ పదకొండు గంటలు ఇచ్చి తీరాలని అడుగుట లేదు. అంకెలు సరిగా చదవగలవారు ఎవరైనా ఆ దరఖాస్తును ఒక్కసారి చదవాలి, అంతే. నన్ను సంఘం నుంచి తీసివేసినా, మచ్చల లెక్క నుంచే తీసివేసినా కిమ్మనను. జోడు అడ్డం రావడానికి ఇంకా నలభై ఒక్క రోజులున్నవి. టెలిస్కోపు ఎటు తిరగాలో ముప్పై రోజుల ముందే ఖాయమవుతుంది గనుక తమకు పదకొండు రోజుల వ్యవధి కలదు. తీరికగా కాక, తొందరగా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
సూర్య విభాగమున మచ్చల లెక్క చూచువాడు

తా.క. పైదంతా ఇంట్లో శుభ్రంగా రాసి బల్ల మీద పెట్టి, కవరు కోసం లేచాను. తిరిగి వచ్చేసరికి ఆమె చదువుతోంది. నోటుబుక్కు ఒళ్లో ఉంది. చివరిదాకా చదివింది. అరవలేదు. ఎర్ర పెన్సిలు తీసుకుని నలభై ఒకటి కింద గీత గీసి, పక్కన ముప్పై ఒకటి అని వేసింది. ఆ ఎర్ర అంకె తమకు కనపడుతూనే ఉంటుంది.

"అప్పుడు వందల్లో తప్పావు, ఇప్పుడు పదుల్లో. మెరుగుపడుతున్నావు" అంది. అంటూనే ఏడ్చింది.

కనుక తమకున్నది పదకొండు రోజులు కాదండీ, ఒక్క రోజు. అందుకే పోస్టులో వేయకుండా మనిషి చేతికిచ్చి లోపలికి పంపుతున్నాను. తమ గది బయట బల్ల మీద ఇద్దరం కూర్చుని ఉన్నాం. ఆమె మధ్యలో ఒక మనిషి పట్టేంత చోటు వదిలి కూర్చుంది. మా అత్తగారికి ఇంకా చెప్పలేదు, తమరూ చెప్పకండి.

పిలిచేటప్పుడు ఆమెను పిలవండి. నేను ఇక్కడే కూర్చుంటాను.