శౌరి పంక్తిలో కూర్చునేవారి గురించి

పటాలం ఆఫీసు పెద్ద అధికారి గారికి,

అయ్యా,

శౌరి రోగాన్ని ఊరంతా తప్పెట వేయించింది మీరు. మునసబు మీదకు తోసేయకండి.

విషయం: పటాలపు డాక్టరుకు సిపాయి చెప్పుకొన్న మాట బజారున పడుట గురించి.

పల్నాడు తాలూకా జొన్నపాడు గ్రంథాలయ కార్యదర్శి త్రికోటేశ్వరరావు వ్రాయునది.

1. మా శౌరి బర్మా యుద్ధంలో పనిచేసి, మనోవ్యాధి కలదన్న కారణమున విడుదలైనాడు. అన్నానికి కూర్చుంటే చచ్చిపోయిన సిపాయిలు వచ్చి తన పక్కన పంక్తిలో కూర్చుంటున్నారని మీ డాక్టరుకు చెప్పుకున్నాడు. పెళ్లానికి సైతం చెప్పని మాట. డాక్టరు నయం చేస్తాడని నమ్మి చెప్పాడు. దాన్ని మీ ఆఫీసువారు ఉన్నదున్నట్టు రాసి, కవరైనా లేకుండా మునసబుకు పంపినారు. యుద్ధం వచ్చింది మొదలు సర్కారు కాగితం ఏదొచ్చినా, కిరసనాయిలు గురించైనా సరే, తప్పెట మీద చాటించడం మా ఊరి అలవాటు. మునసబు ఇదీ చాటించాడు.

2. ఆ మీదట శౌరి వీధిలోకొస్తే ఎకసెక్కాలు: "ఏరా శౌరీ, ఇయ్యాల పంక్తిలో ఎంతమందిరా? మాకూ ఓ ఇస్తరెయ్యి!" మామ వచ్చి, "దయ్యాలకి వడ్డించటానికా నా కూతుర్నిచ్చింది?" అని ఆరోగ్యమ్మను తీసుకుపోయినాడు. సిపాయి ప్రాణం సర్కారుదని సంతకం పెట్టించుకున్నారు, సరే. వాడి భయం కూడా సర్కారుదేనా?

3. శౌరితోపాటు పటాలంలో చేరిన మౌలాలీ ఏమైనాడో మీరు ఇంతవరకు వాడి ఇంటికి తెలియజేయలేదు. తల్లి జాన్‌బీ ఆ తప్పెట విన్నది. మర్నాడు శౌరి కంచం ముందు కూర్చున్న వేళకు వచ్చింది. నేనక్కడే ఉన్నాను.

"నిజం చెప్పు నాయనా. మా మౌలాలీ గానీ వొస్తన్నాడా ఏంది?"

"రాట్లేదత్తా. వాడికేం, బతికే ఉంటాడు."

ఆమె కళ్లు తుడుచుకుని, నవ్వుకుంటూ పోయింది. శౌరి కంచం తోసేశాడు.

"అబద్ధం చెప్పా మాస్టారూ. ఆడు నా పక్కనే కూసోని ఇన్నాడు."

దయ్యాలు లేవని సభలు పెట్టి వాదించినవాణ్ణి నేను. అయినా లేచి వచ్చేటప్పుడు శౌరి పక్కనున్న ఆ ఖాళీ చోటు తొక్కలేక, చుట్టు తిరిగి వచ్చాను.

4. నాటి నుండి శౌరి ముద్ద ముట్టడం లేదు. "తినటానికి కూసుంటే ఆడు అడుగుతాడు, మా అమ్మకి అట్టా ఎందుకు చెప్పావురా అని." గంజి పట్టబోతే పళ్లు బిగిస్తున్నాడు. మనిషి దక్కేట్టు లేడు.

దాచవలసినది చాటినారు, చెప్పవలసినది దాచినారు. విధేయుడనని రాయడానికి కలం ఒప్పుకోవడం లేదు. ఈ దిగువ కోరికలు మాత్రం చిత్తగించవలెను:

శౌరికి మందిచ్చే డాక్టరును వెంటనే పంపవలెను.

ఏ సిపాయి రోగమైనా వాడి ఒప్పుదల లేనిదే మునసబుకు గాని, మరొకరికి గాని తెలుపరాదు.

దీనికి జవాబు సీలు వేసి నా చేతికే పంపవలెను.

మౌలాలీ సంగతి తమరే స్వయంగా వచ్చి జాన్‌బీకి చెప్పవలెను. ఆమె మళ్లీ శౌరిని అడగకముందే రావలెను.