ఎర్ర బటన్ నొక్కని విద్యార్థి

సెప్టెంబర్ 9, సోమవారం
మా అమ్మాయి పోలిక్సేనీ యూనివర్సిటీ కోర్సు తయారు చేసింది! కాలేజీకి వెళ్ళకుండా ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని డిగ్రీ చదివేవాళ్ళ కోసం. గణాంక శాస్త్రం. రెండేళ్ళ కష్టం. ఈ పాత్రాస్ ఊరు మొత్తం మీద ఇంత సంతోషంగా ఉన్న ముసలాడు నేనొక్కడినే.

నెలాఖరున కమిటీ చూస్తుంది. నచ్చితే సరే, లేకపోతే కోర్సు బుట్టదాఖలు. ఈలోపు కొందరు మామూలు మనుషులు చదివి చూడాలట. అందరికంటే ముందు నేనే చెయ్యెత్తాను. ఆరో తరగతితో బడి మానేసి, రేవులో ఓడలకు తాళ్ళు కట్టి బతికినవాణ్ణి. నాకంటే మామూలు మనిషి ఎక్కడ దొరుకుతాడు?

ప్రతిజ్ఞ: రోజుకో పాఠం. ఒంటరిగా. కాఫీ దుకాణం వైపు వెళ్ళను. తావ్లీ ఆట బంద్, పాచికలు ముట్టను.

అమ్మాయి ఒకే మాట చెప్పింది. "అర్థం కానిచోట ఎర్ర బటన్ నొక్కు నాన్నా. మొహమాటపడకు."

మంగళవారం
మొదటి పాఠం పూర్తి! తెర మీద నా బిడ్డే మాట్లాడుతోంది. ఏం చెప్పిందో తర్వాత చూసుకోవచ్చు, ఎంత బాగా చెప్పిందో! దిష్టి తగలకుండా తెర మీదికి తూ తూ తూ అన్నాను. నా భార్య అసిమినా గుడ్డ తెచ్చి తుడుస్తూ, "అది నీ కూతురి మొహం కాదయ్యా, గాజు" అంది.

ప్రతి పేజీకీ 'అర్థమైంది' అనే ఆకుపచ్చ బటనే నొక్కాను. కన్నబిడ్డ చేసినదానికి ఎర్ర బటన్ నొక్కితే నేనేం తండ్రిని?

గురువారం
రెండో పాఠం. బుధవారం లెక్కలోకి రాదు. సార్డీన్ చేపలు వచ్చాయి, ఎవరు శుభ్రం చేస్తారు?

శనివారం
మూడో పాఠం. "ప్రామాణిక విచలనం" అన్న మాట దగ్గర కళ్ళు మూతపడ్డాయి. లేచి మళ్ళీ మొదలుపెట్టాను. అదే మాట, అదే నిద్ర. అసిమినా దుప్పటి కప్పింది. ఆకుపచ్చ నొక్కాను.

సోమవారం
కాఫీ దుకాణానికి వెళ్ళాను. చదువుకోవడానికే. మూడో పాఠం చివరి ప్రశ్నలు ఫోన్‌లో తెరిచి గట్టిగా చదివాను. మా థ్రాసోస్, ఒకప్పుడు ఓడలో వంటవాడు, అందరినీ చేతులెత్తమన్నాడు. ఎక్కువ చేతులు లేచిన జవాబు నొక్కాం. తప్పు. ఇంకోటి నొక్కాం. అదీ తప్పే. కోర్సు మాత్రం విసుక్కోకుండా ఎన్నిసార్లయినా నొక్కనిచ్చింది, అచ్చం మా అమ్మాయి మనసే! చివరికి నూటికి నూరు. ఆఖరి ప్రశ్నకి నోటితో జవాబు చెప్పి రికార్డు చెయ్యాలట. అదీ చేశాను.

తర్వాత పాచికలు ముట్టాను. నూటికి నూరు వచ్చినవాడు ముట్టకూడదా?

బుధవారం
పోలిక్సేనీ వచ్చింది. మూడో పాఠాన్ని మిగతావాళ్ళంతా మధ్యలోనే వదిలేశారట. నాకొక్కడికే నూటికి నూరు. ఛాతీ విరుచుకున్నాను. అప్పుడు నా రికార్డు వినిపించింది. నేనేదో గొణుగుతున్నాను. వెనక పాచికల టకటక. ఆ పైన థ్రాసోస్ గొంతు: "ఏదో ఒకటి వాగరా స్టమాటిస్, పిల్ల పరువు పోతుంది."

అసిమినా నవ్వాపుకోలేక వంటింట్లోకి పోయింది. అమ్మాయి నవ్వలేదు.

"చప్పట్లు కొట్టేవాళ్ళు నాకెందుకు నాన్నా? ఇంట్లో ఒక్కడే చదువుకునేవాడికి అర్థం కాకపోతే పక్కన అడగడానికి మనిషుండడు. వాడెక్కడ ఆగిపోతాడో నువ్వు చెబుతావనుకున్నాను. కమిటీలో నన్నడిగేది అదే."

తర్వాత మెల్లగా, "అసలెక్కడ నిద్రపోయావు?" అంది. చూపించాను. ఒక చోటు కాదు, మూడు చోట్లు. చూపించేకొద్దీ దాని మొహం విప్పారింది. ఆ పాఠాన్ని చిన్న చిన్న ముక్కలు చేస్తుందట. జవాబు రెండుసార్లకు మించి నొక్కనివ్వదట. నా నిద్రకి ఇంత విలువుందని తెలిస్తే ఇంకాస్త శ్రద్ధగా పడుకునేవాణ్ణి.

సోమవారం
కొత్త ప్రతిజ్ఞ. మొదటి పాఠం, మొదటి పేజీ. ఒంటరిగా. తెర మీద నా బిడ్డ నవ్వుతూ స్వాగతం చెప్పింది. రెండో వాక్యమే అర్థం కాలేదు. మళ్ళీ విన్నాను. ఎంత చక్కగా చెప్పిందో! తూ తూ తూ.

ఎర్ర బటన్ నొక్కాను.

కాసేపటికి ఫోన్ మోగింది. "శభాష్ నాన్నా" అంది. చదివిన ఆరు తరగతుల్లో ఏ టీచరూ నన్నామాట అనలేదు.

ఈరోజుకి చాలు. రేపు మూడో వాక్యం.