వావిలాకు నీళ్ళు

సహం,
శనివారం.

ముఖం చూడని చెల్లెలు జువేరియాకు గంగులమ్మ దీవెనలు.

నేను శ్రీలక్ష్మి పెద్దక్కను. ఇక్కడ సహంలో ఒక ఒమానీ ఇంట్లో వంట చేస్తాను. నోటితో చెప్పలేక కాగితం మీద రాస్తున్నాను. శ్రీలక్ష్మి మొగుడు ఆంజి ఫోటో తీసి నీకు పంపుతాడు.

నిన్న పొద్దున సంగతి. శుక్రవారం నాకు సెలవు. ఆంజి వచ్చి సోహార్‌లో వాళ్ళింటికి తీసుకుపోయాడు. ఎప్పటిలాగే దేవుడి పటం ముందు దీపం పెట్టి, కడప నుంచి తెప్పించిన ఎండు వావిలాకు పెద్ద గిన్నెలో వేసి కాచాను. కాళ్ళ నొప్పులకు మా అమ్మ అలాగే పోసేది. స్నానాల గదిలో ప్లాస్టిక్ స్టూలు మీద శ్రీలక్ష్మిని కూర్చోబెట్టి, తట్టుకోగలిగినంత వేడిగా, నడుము నుంచి పాదాల దాకా చెంబుతో పోశాను. పోస్తున్నంతసేపూ స్తోత్రం చదువుకున్నాను. ఏడు నెలలుగా ఏ శుక్రవారమూ మానలేదు.

"ఎట్లుందమ్మా?" అంటే, "బాగుందక్కా" అంది. లేచేటప్పుడు బరువంతా నా భుజం మీద వేసింది. నీళ్ళు ఒంటికి పట్టాయనుకున్నాను.

వంటింట్లో పిండి కలుపుతుంటే గదిలోంచి మాటలు వినిపించాయి. ఫోను స్పీకరులో పెట్టి నీకు చెబుతోంది.

"కండ్లు మసకలు కమ్మినాయి జువేరియా. కాళ్ళు నావి కానట్టుండాయి. శుక్రవారం గదా, మా యక్క అభిషేకం చేసింది."

నువ్వు నవ్వావు. "వేడి తగిలితే మనకింతేనని ఎన్నిసార్లు చెప్పాలి తల్లీ? ఏసీ కింద పడుకో, ఒళ్ళు చల్లబడితే సర్దుకుంటది. మీ అక్కకు చెప్పరాదా?"

"ఆయమ్మకు చెప్పేదానికంటే కుంటేదే సులువు."

ఇద్దరూ నవ్వుకున్నారు.

దాని నవ్వు నేను విని ఏడాదయింది. మస్కట్ డాక్టరు ఎమ్మెస్ అనే నరాల జబ్బని పేరు చెప్పినప్పటి నుంచి నాతో పొడి మాటలే. ఆ జబ్బు ఏం చేస్తుంది, సూది ఎందుకు, పిల్లల్ని కనవచ్చా, అన్నీ నిన్నే అడిగింది. నీకూ అదే జబ్బని, మీలాంటి వాళ్ళంతా ఫోన్లో గ్రూపు పెట్టుకున్నారని ఆంజి చెప్పాడు. అమ్మ పోయాక దానికి తల దువ్వింది నేను. కన్నీళ్ళు మాత్రం నీకు. పూజలో కూర్చున్నా నీ గొంతే చెవిలో తిరిగేది. ఆ జబ్బేదో నాకొచ్చి ఉంటే శ్రీలక్ష్మి నాతోనే మాట్లాడేది కదా అని కూడా అనుకున్నాను. దేవుడి ముందు కూర్చునే అనుకున్నాను.

నా చేతులతో పోసిన వేడినీళ్ళే దాని కాళ్ళు పడగొడుతున్నాయని తెలిసినప్పుడు సిగ్గు రావాలి. నాకు కోపం వచ్చింది. మధ్యాహ్నం అన్నాల దగ్గర మీ మాటలు విన్నానని చెప్పి, ఆంజితో, "దాన్ని కడపకు పంపించెయ్. నేనూ పని మానుకుని పోతా, నేనే చూసుకుంటా" అన్నాను. మా ఇంట్లో నా మాట ఎవరూ కాదనరు. ఆంజి తల వంచుకున్నాడు.

శ్రీలక్ష్మి మాత్రం, "నన్ను పంపించేది జబ్బు కోసరమా, జువేరియా కోసరమా?" అంది.

నిన్ను దూరం చెయ్యడానికేనని ఇద్దరికీ తెలిసిపోయింది.

సాయంత్రం దీపం పెట్టాక ముగ్గురం కూర్చున్నాం.

"మొదటి వారమే వద్దని చెప్పకపోతివే" అన్నాను.

"నువ్వు కండ్లు మూసుకోని సదువుతాంటివక్కా. నాకు నయమైతాదని నమ్మింది నువ్వొక్కదానివే. ఆ నమ్మకాన్ని యాడ పోగొట్టుకునేది?"

చివరికి అనుకున్నది ఇది. శ్రీలక్ష్మి ఎక్కడికీ పోదు. వచ్చే నెల మస్కట్‌లో మీరంతా కలిసే చోటికి ఆంజి తీసుకొస్తాడు. నేనూ వస్తానన్నాను. నేనుంటే నోరు పెగలదని శ్రీలక్ష్మి వద్దంది. సరేనన్నాను. ఇకమీదట ఒంట్లో ఏ తేడా వచ్చినా ముందు నీకు చెబుతుంది, తరువాత నాకు. ఆ వరుసకు ఆంజి ఒప్పుకున్నాడు. అన్నిటికంటే ఆఖరున నేను ఒప్పుకున్నాను.

నా కుళ్ళు ఇంకా పోలేదు. శ్రీలక్ష్మి పిలిచినప్పుడు నువ్వు ఫోనెత్తు.

నీ మేలు కోరే
గంగులమ్మ